ఆర్‌సీ విమానాలకు ఫ్లైట్ లాగ్: ఏం రాయాలె, ఏం వదిలెయ్యాలె?

చెల్క_రన్‌వే:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ధర్మసాగర్ దిక్కు కోతలైన పొలాల్ల, చెల్కల్ల ఆర్‌సీ విమానాలు, అంటే రిమోట్‌తోని నడిచే చిన్న మోడళ్లు, ఎగరేస్తుంటం. నాలుగు మోడళ్లున్నయి: 1.4 మీటర్ల ఫోమ్ ట్రైనర్ (3ఎస్ 2200 ప్యాకు, అంటే మూడు సెల్‌ల 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ), .46 గ్లో ఇంజన్ (0.46 క్యూబిక్ అంగుళాల మెథనాల్ ఇంజన్) పెట్టిన బాల్సా లో-వింగ్, 2 మీటర్ల ఎలక్ట్రిక్ గ్లైడర్ (3ఎస్ 1300), ఆర్డుపైలట్ (ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్) బోర్డు ఉన్న ఫ్లయింగ్ వింగ్ (తోక లేనిది). రేడియోల (చేతిల పట్టుకునే ట్రాన్స్‌మిటర్ల) ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్, విమానాలల్ల రిసీవర్లు ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ లింకువి. 2200 ప్యాకులు ఆరున్నయి. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. అన్నీ ఒకే కంపెనీవి, చూస్తే ఒక్క తీరుగనే ఉంటయి.

ఇప్పటిదాకా నోట్‌బుక్కుల తేదీ, మోడల్ పేరు, ఎన్ని నిమిషాలు, పక్కన "బాగుంది" లేకపోతే "గాలి ఎక్కువ" అని రాస్తున్నం. నెల తర్వాత తీసి చూస్తే దాంట్ల పనికొచ్చే ముచ్చట ఒక్కటి దొరకట్లేదు.

అడగాలనుకున్నవి: ఏ కాలమ్‌లు పెట్టుకోవాలె? బ్యాటరీ లెక్కను విమానం లెక్కతోని ఎట్ల కలపాలె? రేడియో తనంతట తనే సీఎస్‌వీ (పట్టిక) ఫైలు రాసుకుంటది కదా, మళ్ల నోట్‌బుక్కు అవసరమా? ఇంకొకటి, అన్నిటికంటె ముఖ్యమైనది: ఎండకాలం వచ్చేసరికి ట్రైనర్ ఎగిరే టైం తగ్గుతుంది. అది వేడి వల్లనా, ప్యాకు ముసలిదైతుందా? లాగ్ చూసి తెలుసుకునే మార్గం ఉందా అన్నా?


కాజీపేట_వాట్‌మీటర్:

మీ చివరి ప్రశ్నకు జవాబు దొరికేలా లాగ్ పెట్టుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ఇప్పుడు మీ పుస్తకంలో లేని అంకె, అన్నిటికంటే విలువైన అంకె ఒకటుంది. ఎగిరి వచ్చిన ప్యాకును మళ్లీ నింపినప్పుడు చార్జర్ దాంట్లోకి ఎన్ని ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటలు, అంటే ఎంత చార్జ్) పంపిందో అది. నిమిషాలు మీరు థ్రాటిల్ ఎట్లా వాడారన్నదాన్ని బట్టి మారతాయి. చార్జర్ చూపే ఎంఏహెచ్ మాత్రం ఆ ఫ్లైట్‌లో నిజంగా ఖర్చయిన ఇంధనం.

ముందు ప్యాకులకు పేర్లు పెట్టండి. 22-ఏ, 22-బీ, 22-సీ అట్లా. పర్మనెంట్ మార్కర్‌తో ప్యాకు ష్రింక్ (ప్లాస్టిక్ తొడుగు) మీద రెండు వైపులా రాసి, కొన్న నెల, సంవత్సరం కూడా రాయండి. కాగితం స్టిక్కర్లు, సెల్లోటేపు వద్దు. మన ఎండలకు జిగురు కారిపోయి, సంచిలో ఒక ప్యాకు చీటీ ఇంకో ప్యాకుకు అంటుకుంటుంది.

నోట్‌బుక్కులో ఒక్కో ఫ్లైట్‌కు ఒకటే వరుస. తేదీ, మోడల్, ప్యాకు పేరు, గాల్లో ఉన్న సమయం, దిగి 15 నిమిషాలు ఆగాక ఒక్కో సెల్ వోల్టేజీ, తిరిగి ఎక్కిన ఎంఏహెచ్, అప్పటి ఎండ, ఏం మార్చారు లేదా ఏం గమనించారు. ఇంతకంటే ఎక్కువ కాలమ్‌లు పెడితే నాలుగో వారానికి ఎవరూ రాయరు. నమూనాకు ఒక వరుస:

14-3 / ట్రైనర్ / 22-సీ / 7 ని. 00 సె. / 3.79, 3.79, 3.78 / 1400 / 36 డిగ్రీలు / ఎలివేటర్ ట్రిమ్ 2 క్లిక్కులు కిందికి.

ఇప్పుడు 1400ను 7తో భాగిస్తే నిమిషానికి 200 ఎంఏహెచ్. అంటే సగటున 12 ఆంపియర్లు. ప్యాకు పాడవకుండా 80 శాతం దాకానే వాడాలి; 2200లో 80 శాతం 1760, నిమిషానికి 200 చొప్పున 8.8 నిమిషాలు వస్తుంది. టైమర్ అక్కడ పెట్టకండి. రన్‌వే మీదకు ఎవరి బర్రెనో వస్తే ఇంకో చుట్టు తిరగడానికి ఒక నిమిషం, అంటే 200 ఎంఏహెచ్, పక్కన ఉండాలి. 7 నిమిషాల 30 సెకన్లకు టైమర్ మోగితే 1500 వాడినట్టు. ఇంకో నిమిషం తిరిగినా 1700. అదీ లెక్క.

ఇక వేడా, ముసలితనమా అన్న సంగతి. పైన రెండు అంకెలున్నాయి: నిమిషానికి ఎంఏహెచ్ ఒకటి, దిగాక సెల్ వోల్టేజీ ఇంకొకటి. మొదటిది విమానం గురించి చెబుతుంది, రెండోది ప్యాకు గురించి చెబుతుంది. డిసెంబరు పొద్దున 15 డిగ్రీలకూ మే నెలలో 43 డిగ్రీలకూ గాలి సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. అదే బరువును పలచటి గాలిలో మోయడానికి విమానం కొంచెం వేగంగా పోవాలి. దానికి కావలసిన శక్తి 5 శాతం దాకా పెరుగుతుంది. అంటే నిమిషానికి 200 ఉన్నది 210 అవుతుంది, 8.8 నిమిషాలు 8.4 అవుతాయి. ఎండ వల్ల రావలసిన తేడా అంతే. 200 కాస్తా 235 అయిందంటే వేరే కారణం వెతకాలి: అంచు లేచిన ప్రొపెల్లర్, వంకరపోయిన రెక్క, ఎండుగడ్డి చుట్టుకుని రాసుకుంటున్న షాఫ్ట్, లేదా గాలి ఉధృతికి మీరే థ్రాటిల్ ఎక్కువ పట్టి ఉంచడం.

నిమిషానికి ఎంఏహెచ్ మారకుండా, అదే 1400 వాడాక సెల్‌లు 3.79 బదులు 3.74 దగ్గర నిలబడుతున్నాయంటే ప్యాకు కుంచించుకుపోయింది. లేబుల్ మీద 2200 ఉన్నా లోపల 1800 దగ్గరే మిగిలి ఉంటుంది. 1800లో 80 శాతం 1440. ఆ ప్యాకుకు టైమర్ 6 నిమిషాలకు దించాలి. ఆరు ప్యాకులకూ ఒకటే టైమర్ పెట్టడం వల్లే పాత ప్యాకుతో మోటారు ఆగిపోయి చేలో దిగడాలు జరుగుతాయి.

ఇంటర్నల్ రెసిస్టెన్స్ (ప్యాకు లోపలి నిరోధం) కూడా నెలకొకసారి ప్యాకు పేజీలో రాయండి. దాన్ని కొలిచే పద్ధతి మారితే అంకెకు అర్థం ఉండదు. అదే చార్జర్, అదే కనెక్టర్, నిండుగా చార్జ్ చేసి గంట ఆగాక, గది ఉష్ణోగ్రత కూడా పక్కన రాసి. చలికి రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడికి తగ్గుతుంది. అందుకని ముసలి ప్యాకు మే నెలలో పడుచుదానిలా కనబడి, డిసెంబరు పొద్దున టేకాఫ్‌లోనే వోల్టేజీ పడేస్తుంది. కొత్తప్పుడు సెల్‌కు 5 మిల్లీఓమ్‌లు చూపించింది 10కి చేరితే, లేదా ఒక సెల్ తోటి సెల్‌ల కంటే సగం ఎక్కువ చూపిస్తే, ఆ ప్యాకును టేకాఫ్‌కు ఎక్కువ కరెంటు లాగే మోడళ్ల నుంచి తీసేయండి. ఉబ్బితే ఏ మోడల్‌లోనూ పెట్టొద్దు.

లెక్కను పాడుచేసేవి మూడున్నాయి. మొదటిది, వారం రోజులు సంచిలో ఉన్న ప్యాకును "నిండిందే కదా" అని ఎగరేయడం. 4.20 దగ్గర మొదలవ్వకపోతే తిరిగి ఎక్కిన అంకె వాడిన అంకె కంటే పెద్దదిగా వస్తుంది. రెండోది, ఎగిరొచ్చాక 3.85 దాకా స్టోరేజీ చార్జ్ మాత్రమే పెట్టి ఆ అంకెను రాసేయడం. అది సగం లెక్కే, తర్వాత నిండుగా ఎక్కించినప్పుడు వచ్చినదాన్ని కూడా కలపాలి. మూడోది, ప్యారలల్ బోర్డు మీద రెండు మూడు ప్యాకులు కలిపి చార్జ్ చేయడం. మొత్తం తెలుస్తుంది కానీ ఏది ఎంత తాగిందో తెలియదు.

ఎడ్జ్‌టీఎక్స్ టైమర్ విషయం కూడా చూసుకోండి. టీహెచ్‌టీ అని పెడితే థ్రాటిల్ మొదటిసారి లేపగానే మొదలై ఆగకుండా నడుస్తుంది. ట్రైనర్‌కు అదే పెట్టండి. టీహెచ్ శాతం మోడ్‌లో థ్రాటిల్ సగం ఉంటే గడియారం సగం వేగంతో నడుస్తుంది. అది ఇంధనం అంచనాకు బాగుంటుంది కానీ లాగ్‌లో "7 నిమిషాలు" అని రాస్తే అవి అసలు నిమిషాలు కావు. ఏ మోడ్‌లో తీసిన సమయమో ప్రతి మోడల్ పేజీ పైన రాసి పెట్టండి.

మోడల్ పేజీ అంటే ఫ్లైట్ వరుసలు కాక, ఒక్కో విమానానికి ముందు ఒక పేజీ. బ్యాటరీతో సహా బరువు గ్రాముల్లో, సీజీ (బరువు కేంద్రం) రెక్క ముందు అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు, బ్యాటరీ ట్రేలో ప్యాకు ముందు కొన ఎక్కడి దాకా రావాలో గీత, ఐలరాన్, ఎలివేటర్, రడ్డర్ కదలికలు మిల్లీమీటర్లలో, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన మెత్తబరిచే సెట్టింగ్) శాతం, ప్రొపెల్లర్ సైజు, నేల మీద పూర్తి థ్రాటిల్‌కు వాట్‌మీటర్ చూపిన ఆంపియర్లు, వాట్లు. ఈ చివరి అంకె ఏడాది తర్వాత చాలా అక్కరకొస్తుంది. అదే ప్రాప్, నిండు ప్యాకు పెట్టి మళ్లీ కొలిస్తే 24 ఆంపియర్లు 28 అయ్యాయంటే మోటారు బేరింగులో దుబ్బ చేరి ఉండొచ్చు, అయస్కాంతాలు వేడికి బలహీనపడి ఉండొచ్చు. విమానం తిప్పుడులో తేడా మీకు చేతికి తెలియకముందే ఇది చెబుతుంది.


జగిత్యాల_టెలిమెట్రీ:

వాట్‌మీటర్ గారు చెప్పింది బ్యాటరీ వరకు పూర్తిగా ఒప్పుకుంటాను. రేడియో లాగ్ సంగతి నేను చెబుతాను. సీఎస్‌వీ ఉంది కదా అని నోట్‌బుక్కు మానేయొద్దు. రేడియోకు ప్యాకు పేరు తెలియదు, మీరు సర్వో (రెక్కల, తోక పలకలు కదిపే చిన్న మోటారు) ఆర్మ్ రంధ్రం మార్చారని తెలియదు. నోట్‌బుక్కుకు ఏడో నిమిషంలో లింక్ ఎంతకు పడిందో తెలియదు. రెండింటినీ కలిపేది సమయం. అందుకే రేడియో గడియారం ముందు సరిచేసుకోండి. లోపలి కాయిన్ సెల్ అయిపోతే స్విచ్ ఆఫ్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, ఫైళ్లన్నీ తప్పుడు తేదీతో పడతాయి, ఏది ఏ ఫ్లైటో పోల్చుకోలేరు.

పెట్టుకునే విధానం: రిసీవర్‌కు కరెంటిచ్చి టెలిమెట్రీ (విమానం నుంచి రేడియోకు వచ్చే అంకెల) పేజీలో కొత్త సెన్సార్లను వెతికించండి. ఒక్కో సెన్సార్ లోపలికి వెళ్తే లాగ్స్ అని టిక్ ఉంటుంది, అక్కర్లేని వాటికి తీసేయండి. తర్వాత స్పెషల్ ఫంక్షన్స్‌లో మోటారు ఆర్మ్ స్విచ్‌కు ఎస్‌డీ లాగ్స్ పెట్టి, వ్యవధి 0.5 సెకన్లు ఇవ్వండి. ఫైళ్లు కార్డులో లాగ్స్ ఫోల్డర్‌లో మోడల్ పేరుతో, తేదీతో పడతాయి. దిగాక ముందు ఆర్మ్ స్విచ్ దించి, ఆ తర్వాతే రేడియో ఆపండి. ఫైలు మూసుకోకముందే కరెంటు పోతే చివరి వరుసలు దక్కవు, మనకు కావలసినవి తరచుగా ఆ చివరివే.

0.1 సెకను పెడితే ఇంకా మంచిదనుకుంటారు. 250 హెర్ట్జ్ (సెకనుకు 250 ప్యాకెట్లు) మీద స్టాండర్డ్ టెలిమెట్రీ నిష్పత్తి 1:64, అంటే 64లో ఒకటే. అంటే సెకనుకు నాలుగు ప్యాకెట్లు కూడా రావు, అన్ని సెన్సార్లూ వాటినే పంచుకోవాలి. 0.1 పెడితే అదే అంకె పది వరుసల్లో మళ్లీ మళ్లీ పడుతుంది, ఫైలు లావవుతుంది తప్ప కొత్త సమాచారం ఏమీ రాదు. దీన్నుంచే ఇంకో జాగ్రత్త: రిసీవర్ వోల్టేజీ క్షణంపాటు పడి లేస్తే లాగ్‌కు చిక్కదు. లాగ్‌లో అంతా 5.0 అని ఉంది కాబట్టి బ్రౌన్‌అవుట్ (వోల్టేజీ చాలక రిసీవర్ ఆగిపోవడం) కాలేదు అనుకోవద్దు. అన్ని సెన్సార్లూ ఒకేసారి కొన్ని సెకన్లు మాయమై మళ్లీ వచ్చాయంటే రిసీవర్ రీబూట్ అయి ఉండే అవకాశం బలంగా ఉంది. బీఈసీ (రిసీవర్‌కు, సర్వోలకు కరెంటిచ్చే రెగ్యులేటర్) మీద ఎన్ని సర్వోలున్నాయో లెక్కపెట్టండి, అన్నీ ఒకేసారి తిప్పుతూ వోల్టేజీ చూడండి.

చూడాల్సిన కాలమ్‌లు నాలుగే. ఆర్‌క్యూఎల్‌వై అంటే లింక్ నాణ్యత, శాతంలో. 1ఆర్‌ఎస్‌ఎస్ అంటే సిగ్నల్ బలం, డీబీఎంలో. టీపీడబ్ల్యూఆర్ అంటే రేడియో ఎంత పవర్‌తో పంపుతుందో. ఆర్‌ఎక్స్‌బీటీ అంటే వోల్టేజీ. ఈ చివరిది సర్వోలు నేరుగా తగిలించే మామూలు పీడబ్ల్యూఎం రిసీవర్లలో బీఈసీ ఇచ్చే వోల్టేజీ. ఫ్లైట్ కంట్రోలర్ ఉన్న మీ వింగ్‌లో మాత్రం అదే పేరుతో అసలు ప్యాకు వోల్టేజీ వస్తుంది. ఒక మోడల్ అలవాటుతో ఇంకో మోడల్ ఫైలు చదివితే కంగారు పడతారు.

లింక్ నాణ్యత 100 చూపిస్తుంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 250 హెర్ట్జ్ మోడ్ సున్నితత్వం −108 డీబీఎం, అంతకంటే దిగితే లింక్ తెగుతుంది. 1ఆర్‌ఎస్‌ఎస్ −100కి వచ్చిందంటే నాణ్యత ఇంకా 100 ఉన్నా చేతిలో మిగిలింది 8 డీబీలే. −93 దాటి దిగకుండా చూసుకుంటే 15 డీబీల వెసులుబాటు ఉంటుంది. విమానం ఎప్పుడూ ఒకే వైపు తిరిగినప్పుడే అంకె పడుతుంటే రిసీవర్ యాంటెన్నాకూ మీకూ మధ్య బ్యాటరీయో మోటారో కార్బన్ కడ్డీయో అడ్డొస్తున్నట్టు. యాంటెన్నాను మార్చిన రోజు నోట్‌బుక్కులో రాయండి, అప్పుడే ముందు వెనక ఫైళ్లు పోల్చడానికి అర్థం ఉంటుంది.

ఆర్డుపైలట్ బోర్డుకు సొంత లాగ్ ఉంటుంది, దాని కార్డులో బిన్ ఫైళ్లుగా. మొత్తం ఎగిరిన సమయం స్టాట్_ఎఫ్‌ఎల్‌టీటైమ్ అనే పారామీటర్‌లో సెకన్లలో తనే కూడుతుంది. వింగ్‌కు గంటల లెక్క చేత్తో రాయక్కర్లేదు. కానీ బోర్డు చూపే ఎంఏహెచ్‌ను చార్జర్ అంకెతో సరిచూడాలి. బోర్డు 1500 అంటే చార్జర్ 1650 అంటే తేడా 1.1 రెట్లు. బ్యాట్_ఆంప్_పర్‌వోల్ట్ విలువ 17 ఉంటే 18.7 చేయండి. ఒక్క ఫ్లైట్ చూసి మార్చొద్దు, ప్యాకులో సగానికి పైగా వాడిన నాలుగైదు ఫ్లైట్‌ల సగటు తీసుకోండి. అదే ఫైలులో వైబ్ (వణుకుడు) అంకెలు 30 లోపు ఉన్నాయా, క్లిప్పింగ్ (సెన్సార్ హద్దు దాటిన) లెక్క పెరుగుతుందా అన్నది ప్రాప్ మార్చిన ప్రతిసారీ చూడండి.


పెద్దపల్లి_గ్లో:

తమ్మీ, వీళ్లిద్దరు బ్యాటరీ ముచ్చట్లే చెప్పిన్రు. నీ దగ్గర .46 ఉంది కదా, దాని లాగ్ వేరే తీరుగ ఉంటది. బ్యాటరీల 80 శాతం దాటితే ప్యాకు పోతది, ఇంజన్ల నీడిల్ (ఫ్యూయెల్ ఎంత పోవాల్నో అదుపు చేసే సూది) ఒక పావు చుట్టు తప్పు పెడితే పిస్టన్, లైనర్ రెండూ పోతయి.

ప్రతి రోజు మొదటి పరుగుకు ఇవి రాయి: హై స్పీడ్ నీడిల్ పూర్తిగ మూసిన కాడికెల్లి ఎన్ని చుట్లు తెరిచినవో, క్లిక్కులతోని సహా. ఫ్యూయెల్ల నైట్రో ఎంత, ఆయిల్ ఎంత శాతం, డబ్బా ఏ రోజు తెరిచినవ్. ప్రాప్ సైజు. ట్యాకోమీటర్‌ల గరిష్ఠ ఆర్‌పీఎం, దాన్ని తగ్గించి పెట్టుకున్న ఆర్‌పీఎం. ప్లగ్ ఎప్పుడు మార్చినవ్. ఎండ ఎంత. గరిష్ఠం పట్టినంక నీడిల్ తెరిచి 300 నుంచి 400 ఆర్‌పీఎం తగ్గించి పెట్టాలె. ముక్కు పైకెత్తి పట్టుకుని పది సెకన్లు చూడాలె. ట్యాంకు ఇంజన్ కంటె కిందికొచ్చి మిశ్రమం పలచబడ్తది కాబట్టి, అక్కడ ఊపు పడిపోకుంటనే గాల్లకు పంపాలె.

ఇప్పుడు అసలు సంగతి. ఎండకాలం గాలి పలచగ ఉంటది, ఆక్సిజన్ తక్కువ. అదే నీడిల్ మీద ఫ్యూయెల్ ఎక్కువైతది, ఇంజన్ బరువుగ, పొగ ఎక్కువ తోని నడుస్తది. అందుకని మే నెలల నీడిల్ కొంచెం మూస్తం. వానకాలం గాలిల తేమ ఉన్నా అదే దిక్కు, కొద్దిగ. ఆ సెట్టింగ్ మర్చిపోయి డిసెంబర్ల పొద్దుగాల 15 డిగ్రీల చలిల అదే నీడిల్ మీద స్టార్ట్ చేస్తే గాలి చిక్కగ ఉంటది, ఫ్యూయెల్ సాలది, లీన్ అయితది. మొదలు ఆర్‌పీఎం మస్తుగ కనబడ్తది, రెండు చుట్లు తిరిగేసరికి ఇంజన్ ఊపు పడిపోయి ఆగిపోతది, దిగినంక ప్లగ్ తీస్తే తీగ తెగి ఉంటది. ఎండ కాలమ్ నీడిల్ కాలమ్ పక్కపక్కన ఉంటే ఒక ఏడాది తిరిగేసరికి నీ ఇంజన్ పట్టిక నీకే తయారైతది. చలికాలం ఎప్పుడైనా నాలుగైదు క్లిక్కులు ఎక్కువ తెరిచి మొదలుపెట్టు, అక్కడికెల్లి మెల్లగ మూసుకుంట రా.

ట్యాకోమీటర్ నిజం చెప్తుందా లేదా చూసుకునే ఉపాయం: చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ కింద రెండు రెక్కల ప్రాప్ అని సెట్ చేసి పట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతది, 3000 చూపెట్టాలె. ఎల్‌ఈడీ ట్యూబ్ కింద ఈ లెక్క నమ్మద్దు.

మెథనాల్ తేమ పీలుస్తది. జులై, ఆగస్టుల డబ్బా తెరిచిన తేదీ లాగ్‌ల ఉండాలె అన్నది అందుకే. సగం డబ్బా నెలల తరబడి మూత వదులుగ పెట్టి, మళ్ల నడవట్లేదని కార్బ్యురేటర్ విప్పద్దు, ముందు ఫ్యూయెల్ మార్చి చూడు. ఆఖరి పరుగు ఐనంక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ల మిగిలిన ఫ్యూయెల్ కాల్చేసి, ఆఫ్టర్ రన్ ఆయిల్ ఏసినవా లేదా అని ఒక టిక్ గీత కూడ పెట్టుకో. బేరింగ్ తుప్పు ఎప్పుడు మొదలైందో ఆ టిక్కులే చెప్తయి. మఫ్లర్ స్క్రూలు, ప్రాప్ నట్టు ప్రతి రోజు బిగించాలె, అవి లాగ్‌ల రాసుడు కాదు, చేసుడే.


మంచిర్యాల_గ్లైడర్:

గ్లైడర్‌కు 'గాల్లో ఎన్ని నిమిషాలు' అన్నది బ్యాటరీ లెక్కకు ఎందుకూ పనికిరాదు. థర్మల్ (పైకి లేచే వేడిగాలి) దొరికితే అరగంట మోటారు లేకుండానే ఉంటుంది. మోటారు నడిచిన సెకన్లే రాయండి. ఎడ్జ్‌టీఎక్స్ టైమర్ టీహెచ్‌ఎస్ మీద పెడితే థ్రాటిల్ లేచి ఉన్నంతసేపే లెక్క నడుస్తుంది. 25 ఆంపియర్లతో 30 సెకన్ల ఎక్కుడు అంటే 208 ఎంఏహెచ్. మీ 1300 ప్యాకులో 80 శాతం 1040, అంటే ఐదు ఎక్కుళ్లు. నాలుగుకు ఆపి ఐదోదాన్ని దిగేటప్పటికి దాచండి.

ఎత్తు సెన్సార్ ఉంటే గరిష్ఠ ఎత్తు, మోటారు ఆపినప్పటి ఎత్తు, గాలి ఏ దిక్కు నుంచి వస్తుంది, ఎన్ని గంటలకు లిఫ్ట్ దొరికింది, కింద నల్లరేగడా, ఎర్ర చెల్కా, నీళ్లున్న మడా అన్నవి రాయండి. యాసంగి మడులు నిండా నీళ్లున్నప్పుడు వాటి మీద లిఫ్ట్ బలహీనం, పక్కన దున్ని వదిలిన పొడి నేల మీద బలంగా ఉంటుంది. గద్దలు తిరుగుతున్న చోటు కూడా రాసుకోవాల్సిన సమాచారమే. మార్చి తర్వాత దుమ్ము లేపుకుంటూ వచ్చే సుడిగాలి కనబడితే ఎగరేయడం ఆపి, మోడల్‌ను నేల మీద పట్టుకుని ఉండండి.


చెల్క_రన్‌వే:

అన్నలకు, గ్లో సార్‌కు చాలా థ్యాంక్స్. రెండు సందేహాలు మిగిలినయి. మా చార్జింగ్ మొత్తం ప్యారలల్ బోర్డు మీదనే, ఆరు ప్యాకులు ఒక్కొక్కటి చేస్తే సగం రోజు పోతది. దానికి మార్గం ఏంది? ఇంకా, ఎగరేసిన చోటు, ఎత్తు లాగ్‌ల రాయాల్నా? చట్టం ప్రకారం ఏమన్న ఉందా?


జగిత్యాల_టెలిమెట్రీ:

చోటు రాయండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం వినోదానికి, చదువుకు కంటిచూపు దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు వాటిని మోడల్ కింద లెక్కిస్తారు. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ గగనతలం నిబంధనలు అందరికీ ఒకటే. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో 200 అడుగుల దాకానే. మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. పనులు సాగేకొద్దీ వరంగల్ చుట్టూ మ్యాప్ రంగులు మారొచ్చు. వెళ్లే ముందు డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్) మ్యాప్ చూసి, ఆ రోజు ఏ రంగు ఉందో లాగ్‌లో చోటు పక్కన రాయండి. గ్లైడర్ ఎత్తు కాలమ్ మీకు అక్కడ కూడా పనికొస్తుంది, 110 మీటర్లకు రేడియోలో వాయిస్ అలర్ట్ పెట్టుకోండి.


కాజీపేట_వాట్‌మీటర్:

ప్యారలల్ మానక్కర్లేదు, ఒక పద్ధతి పెట్టుకుంటే చాలు. బోర్డు మీద కలిపేవి దాదాపు ఒకే వోల్టేజీలో ఉండాలి, సెల్‌కు 0.05 వోల్టుల లోపు తేడా. లేకపోతే కలిపిన క్షణంలోనే ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదాంట్లోకి అదుపు లేకుండా కరెంటు తోసేస్తుంది. ప్రతి ప్యాకుకూ ప్రతి ఫ్లైట్ తర్వాత సెల్ వోల్టేజీలు మాత్రం విడిగా రాయండి, అవి చార్జర్ అవసరం లేకుండానే వస్తాయి. ప్రతి పదో ఫ్లైట్ తర్వాత ఆ ప్యాకును ఒంటరిగా చార్జ్ చేసి ఎంఏహెచ్, రెసిస్టెన్స్ రెండూ రాయండి. ఆరు ప్యాకులకు ఆ వంతు వేర్వేరు రోజుల్లో వచ్చేలా మొదలుపెడితే ఒక్క రోజున అన్నీ మీద పడవు. ఎగిరి వచ్చిన ప్యాకు చల్లారకుండా చార్జర్‌కు తగిలించొద్దు. 45 డిగ్రీలు దాటిన ప్యాకును చార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం చెల్కలో నీడపట్టునే ఆ దగ్గరికి పోతుంది కాబట్టి ఆ రోజుల్లో పొద్దున్నే ఇంటి దగ్గర నింపుకుని వెళ్లండి. మూసిన కారులో ప్యాకులు వదిలేయొద్దు, ఫోమ్ రెక్కలు కూడా అక్కడే మెలికపడతాయి.

కూలిన మోడల్‌లోని ప్యాకు బయటికి బాగానే ఉన్నా దాని పేజీలో ఆ తేదీ ఎర్ర సిరాతో రాసి, అరగంట బయట ఇసుక మీద పెట్టి చూసి, తర్వాత ఒంటరిగా, దగ్గరుండి చార్జ్ చేయండి. ఒక సెల్ మిగతావాటి కంటే 0.03 వోల్టులు వెనకబడుతూ పోతుంటే దాని పని అయిపోయినట్టే. తీసేసే ప్యాకును 12 వోల్టుల 21 వాట్ల బండి ఇండికేటర్ బల్బుకు తగిలించి, ఆరుబయట ఇసుక బకెట్‌లో, బల్బు పూర్తిగా ఆరిపోయి వోల్టేజీ సున్నాకు దగ్గరయ్యే దాకా ఉంచి, తర్వాత ఈ-వేస్ట్‌కు ఇవ్వండి. దాని పేజీ మీద తీసేసిన తేదీ, కారణం రాయండి. ఆ పేరును కొత్త ప్యాకుకు మళ్లీ పెట్టొద్దు. 22-సీ పోతే వచ్చేది 22-జీ అవ్వాలి, లేకపోతే పాత ఫ్లైట్ వరుసలన్నీ కొత్త ప్యాకు ఖాతాలో పడిపోతాయి.